బాలలక్ష్మి ఇచ్చిన మూలుగ

పెళ్ళికూతురు అత్తారింటికి పోతుంటే చీరలు, ఇత్తడి బిందెలు, పందిరి మంచం పంపడం ఎక్కడైనా ఉన్నదే. ఇటు కరీంనగర్ వైపు దొరల ఇళ్ళల్లో వాటితోపాటు ఒక ఆడపిల్లను కూడా పంపేవారు. ఆ పిల్లను ఆడబాప అనేవారు. పేరు వినడానికి ముద్దుగానే ఉంటుంది. ఆడబాపకు పెళ్ళి లేదు, జీతం లేదు, పండుగకు పుట్టింటికి పోయేది లేదు. దొరసానికి తల దువ్వాలి, కాళ్ళు పట్టాలి, దొర పిలిస్తే కాదనకూడదు. ఆమెకు పుట్టిన పిల్లల తండ్రి ఎవరో ఊరంతటికీ తెలుసు. తెలిసినా ఎవరూ అనరు. ఆ పిల్లల్లో ఆడపిల్ల ఉంటే, దొర కూతురి పెళ్ళినాడు మళ్ళీ ఆ పిల్లను సారెలో కలిపి పంపేవారు. ఇదంతా ఎప్పుడో రాజుల కాలం ముచ్చట అనుకునేరు. రేడియోలో సినిమా పాటలు వచ్చే రోజుల్లో కూడా ఉన్నదే.

లచ్చవ్వ అట్లా చెన్నూరు అవతలి ఒక గడీ నుంచి, అంటే కోటలాంటి దొర ఇంటి నుంచి, పెళ్ళికూతురు నిర్మలాదేవి వెంట వచ్చింది. వచ్చింది ఎర్రగట్టుపల్లెకు. హుజూరాబాద్ దగ్గరి ఊరు అది. అక్కడి దొర జలపతిరావు నిర్మలాదేవి భర్త. లచ్చవ్వ నిర్మలాదేవి కన్నా నాలుగేళ్ళు పెద్దది. ఇద్దరి ముక్కూ ఒకటే, ఇద్దరి నడకా ఒకటే. గడీకి వచ్చిన చుట్టాల ముసలమ్మలు లచ్చవ్వను చూసి, నిర్మలాదేవిని చూసి, మళ్ళీ పాన్ నమలడంలో పడిపోయేవారు. నిర్మలాదేవి తండ్రిది ఎంత పెద్ద చెయ్యో చూడండి, కూతురికి తోడుగా కూతురినే పంపాడు.

లచ్చవ్వకు జలపతిరావు గడీలో పుట్టిన బిడ్డ బాలలక్ష్మి. అప్పటికే దొరసానికి ప్రమోదిని అనే కూతురు ఉంది. కొన్నేళ్ళకు, తెలంగాణ కావాలని పిల్లలు బళ్ళు బందు పెట్టి రోడ్లెక్కిన యేడు, దొరసానికి కొడుకు పుట్టాడు. వంశానికి ఒక్కడే మొగపిల్లవాడు. శ్రీధర్‌రావు అని పేరు పెట్టారు. దొరసాని పురిటి జబ్బుతో మంచం పట్టింది. పిల్లవాడు ఎనిమిదేళ్ళ బాలలక్ష్మి చంకకెక్కాడు. పాలబుగ్గల పసివాడిని ఆ పిల్ల "చిన్నదొరా" అనే పిలవాలి. వాడు ఏడిస్తే దెబ్బలు ఈమెకు. బాసరలో వాడి అక్షరాభ్యాసానికి కూడా ఎత్తుకొని పోయింది ఈమెనే. పలక వాడి చేతికి వచ్చింది, వాడు ఈమె చంకలో ఉన్నాడు. అయినా వాడంటే ఆమెకు ప్రాణం. ముద్ద తినిపిస్తే సగం నమిలి మిగతాది ఈమె నోట్లో పెట్టేవాడు, ఎవరూ చూడకుండా. చూస్తే ఎంగిలి కదా.

ప్రమోదినికి పెళ్ళి కుదిరింది. సారెలో పోవలసిన పదిహేడేళ్ళ పిల్ల సిద్ధంగానే ఉంది. అయితే లచ్చవ్వ నోరులేని మనిషి అనుకున్నవాళ్ళంతా ఆ నెలలో నోరు తెరిచారు. ఆమె ఒక పొద్దున కూతురిని సంతకని తీసుకపోయి, హుజూరాబాద్ ధాన్యం గంజులో బస్తాలు మోసే వెంకటికి ఇచ్చి పెళ్ళి చేసి వచ్చింది. పసుపుకొమ్ము, రెండు దండలు, వెంకటి తల్లి వండిన పప్పన్నం, అంతే. దొర లచ్చవ్వను గడీ వాకిట్లో కొట్టించాడు. ఎడమ చేయి విరిగింది. వంకరగానే అతికింది.

ఆ తర్వాత ఊళ్ళల్లోకి దొరలను ఎదిరించే రైతుకూలీ సంఘాలు వచ్చాయి. దొరలు ఒక్కొక్కరే మూటలు కట్టారు. జలపతిరావు కూడా కరీంనగర్ పోయి ఇల్లు కట్టి, గ్రానైట్ రాళ్ళ వ్యాపారం పెట్టాడు. పోతూ పోతూ మంచాలు, బీరువాలు, కుక్కను కూడా లారీ ఎక్కించాడు. లచ్చవ్వను గడీకి కాపలా ఉంచి పోయాడు. నాలుగు వానాకాలాలు పోయాక ఆ గడీలోనే ఆమె చచ్చిపోయింది. కరీంనగర్ నుంచి ఎవరూ రాలేదు. మట్టి చేసేటప్పుడు దింపుడుకల్లం దగ్గర పెద్దమనిషి శవం చెవిలో పేరు పిలవబోతూ అలవాటు కొద్దీ అడిగాడు.

"ఈమె మొగని పేరేందే?"

బాలలక్ష్మి నోరు తెరిచింది. వెంకటి వైపు చూసింది. వెంకటి అందుకొని, "లచ్చవ్వ అను, సాలు. గామెకు గామెనే," అన్నాడు. ఆ నిమిషం ఆమె గుండెలో ముల్లై దిగింది. తన తల్లి ఎవరు, తాను ఎవరు, ఒక్కసారి నోరున్న మనిషి ఎవరైనా పైకి చెప్పాలని ఉండేది ఆమెకు. ఆస్తి అడగలేదు, పేరు పక్కన పేరు రాయమనలేదు. పైకి ఒక్క మాట అంటే చాలు. ఆ కోరికను తనే తిట్టుకునేది, పనికిమాలిన కోరిక అని. అయినా అది పోయేది కాదు.

పదేళ్ళు గడిచాయి. బాలలక్ష్మి హుజూరాబాద్‌లో బీడీలు చేసుకుంటూ ఇద్దరు పిల్లలను బడికి పంపుకుంటోంది. అటు కరీంనగర్‌లో శ్రీధర్‌రావుకు ఇరవైమూడేళ్ళు వచ్చాయి. ఒక ఎండాకాలం పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళలోంచి రక్తం కారి ఆగలేదు. ఒంటి మీద దెబ్బ తగలకుండానే నల్లటి మచ్చలు. మెట్లు ఎక్కితే ఆయాసం. డాక్టర్లు చూసి, ఎముకల లోపలి మూలుగ ఎండిపోయిందని, రక్తం పుట్టడం ఆగిపోయిందని చెప్పారు. అప్పటికి బయటినుంచి రక్తం ఎక్కించాలి.

ఇక్కడ జలపతిరావు తన తెలివి చూపించాడు. బజారులో దొరికే రక్తం ఏ కులపోనిదో, ఏం తిన్నోనిదో! దాన్ని తన కొడుకు ఒంట్లోకి పోనిస్తాడా? ఫోన్లు చేశాడు. జీపుల్లో, అంబాసిడర్లలో చుట్టాలు దిగారు. మేనమామ కొడుకులు, పెదనాన్న మనుమలు, మేనత్త మనుమడు. గ్రూపు కలిసిన ప్రతి ఒక్కరూ చొక్కా చేయి మడిచారు. నర్సింగ్ హోం వరండాలో టిఫిన్లు, చాయలు, పేకాట. ఒకాయన రక్తమిచ్చి వచ్చి మీసం దువ్వుకుంటూ, "మన రక్తం మనకే పడుతది," అన్నాడట. అందరూ తలలూపారు. ఆర్నెల్లు ఆ పద్ధతే నడిచింది. పిల్లవాడు ఎక్కించినప్పుడు ఎర్రబడేవాడు, రెండు వారాలకు మళ్ళీ తెల్లబడేవాడు.

చివరికి మద్రాసు అవతల ఉన్న పెద్దాస్పత్రికి తీసుకపోయారు. అక్కడి డాక్టరమ్మ చిత్తూరు వైపు మనిషి, తెలుగు వచ్చు. ఆమె చెప్పింది ఇది. మంచి మూలుగ ఇంకొకరి ఎముకలోంచి తీసి ఎక్కిస్తే ఇతడు బతకవచ్చు. అయితే అది ఎవరిది పడితే వాళ్ళది కుదరదు. తోబుట్టువులది కలిసే వీలు ఎక్కువ. ప్రమోదిని వచ్చి పరీక్షకు రక్తమిచ్చింది. కలవలేదు. జలపతిరావు మళ్ళీ ఫోన్లు చేశాడు. జీపులు మద్రాసు దాకా పోవు కాబట్టి ఈసారి రైల్లో వచ్చారు చుట్టాలు. ఒక్కరిదీ కలవలేదు.

"ఇంకెవరైనా తోబుట్టువులు ఉన్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేరు," అన్నాడు జలపతిరావు.

పక్కన కూర్చున్న నిర్మలాదేవి భర్త మొహం చూసింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఎవరికీ చెప్పకుండా రైలెక్కింది. పుట్టి బుద్ధెరిగి ఒంటరిగా గడప దాటని మనిషి, వరంగల్‌లో దిగి ఎర్రబస్సులో నిలబడి హుజూరాబాద్ చేరింది.

బాలలక్ష్మి వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతోంది. తునికాకు కత్తిరించిన ముక్కలు చుట్టూ పడి ఉన్నాయి. ఎదురుగా ఎవరో వచ్చి నిలబడితే తలెత్తింది. దొరసాని. నెరిసిన జుట్టు, నలిగిన చీర, కాళ్ళకు దుమ్ము. లేచి నిలబడబోయింది బాలలక్ష్మి, పాత అలవాటు. నిర్మలాదేవి అంతకన్నా ముందే ఆ ఆకు ముక్కల మీద నేలన కూర్చుంది.

"బాలా, శ్రీధర్ సస్తున్నడే."

విషయం అంతా చెప్పింది. ఏడుస్తూ చెప్పింది. మూలుగ అంటే ఏమిటో తనకు తెలిసినంత చెప్పింది. వెంకటి గంజునుంచి వచ్చి గుమ్మంలో నిలబడి వింటున్నాడు. దొరసాని మాట ఆపాక అతను అందుకున్నాడు.

"అప్పుడు మా అత్త బొక్కలిరగ్గొట్టిండ్రు. ఇప్పుడు దీని బొక్కలల్ల ఉన్నది గుంజుకపోతరా? మీ చుట్టాలంత ఏడ పోయిండ్రు దొరసానీ? బండ్ల మీద బండ్లు ఒచ్చినయంట గద!"

"వాళ్ళది కలువలే వెంకటీ."

"మరి దీనిది కలుస్తదని మీకెట్ల ఎరుక?"

నిర్మలాదేవి తల దించుకుంది. జవాబు అందరికీ తెలుసు. బాలలక్ష్మి చాట పక్కన పెట్టింది. ఆమెకు దొర మీద, గడీ మీద ఉన్న కసి పిడికెడంత కూడా తగ్గలేదు. కానీ కళ్ళ ముందు కనిపిస్తున్నది దొర కాదు. నమిలిన ముద్ద నోట్లో పెట్టే పిల్లవాడు.

"నేనొస్త దొరసానీ. పైసలు గీసలు ఒద్దు. అక్కడ డాక్టరు నేనెవరని అడుగుతరు గద, అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. మీ నోటితోని."

"చెప్త," అంది నిర్మలాదేవి. "నా కొడుకు మీద ఒట్టు."

బాలలక్ష్మి దొరసాని వెంట ఆస్పత్రికి పోయి పరీక్షకు రక్తమిచ్చింది. ఫలితం వచ్చిన పొద్దు డాక్టరమ్మ గదిలో నలుగురు కూర్చున్నారు. డాక్టరమ్మ, జలపతిరావు, నిర్మలాదేవి, బాలలక్ష్మి. కూర్చున్నారంటే ముగ్గురే. బాలలక్ష్మి నిలబడి ఉంటే డాక్టరమ్మే కుర్చీ లాగి కూర్చోబెట్టింది. దొర పక్కన కుర్చీలో కూర్చోవడం ఆమెకు జీవితంలో అదే మొదలు.

"ఈమె మీకేమవుతుంది?" అంది డాక్టరమ్మ.

"మా ఇంట్ల పనిచేసినామె బిడ్డ," అన్నాడు జలపతిరావు.

డాక్టరమ్మ కాగితం చూసి, దొరను చూసి నవ్వింది. మంచి నవ్వు కాదు. "పనామె బిడ్డది ఇలా కలవదండీ. అక్కాచెల్లెళ్ళలో, అన్నదమ్ముల్లో తప్ప నేనింత కలవడం చూడలేదు. తండ్రి ఒక్కరేనా? దాచకండి. అది నాకు వైద్యం కోసం కావాలి. కానీ తండ్రి ఒక్కరైనా సగమే కలుస్తుంది. మొత్తానికి మొత్తం ఎలా కలిసిందో అదే నాకు అర్థం కావడం లేదు."

జలపతిరావు పైన తిరిగే ఫ్యాన్ రెక్కలు చూస్తున్నాడు. నిర్మలాదేవి ఒట్టు నిలబెట్టుకుంది. 

"నేను చెప్త డాక్టరమ్మా. దీని తండ్రి ఈయననే. దీని తల్లి లచ్చవ్వ మా నాయిన బిడ్డ. నాకు అక్క అయితది. పెండ్లినాడు నాతోని పంపిండ్రు. అందుకే రెండు దిక్కుల కలిసింది."

బాలలక్ష్మికి చెవుల్లో హోరు. ఏళ్ళ తరబడి గుండెలో గుచ్చుకుంటున్నది ఎవరో పట్టి లాగేసినట్టు నొప్పి, హాయి రెండూ కలిసి వచ్చాయి. అవ్వా, విన్నావే, అనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగితే తుడుచుకోలేదు. ఎవరు చూస్తే ఏం?

డాక్టరమ్మ ఆ వరస కాగితం మీద రాసుకుంది. తర్వాత మళ్ళీ పనిలో పడింది. "సరే, అక్క దొరికింది. మంచిది. ఇప్పటిదాకా పిల్లవాడికి ఎవరి రక్తం ఎక్కించారు?"

ఈ ప్రశ్నకు మాత్రం దొరకు గొంతు వచ్చింది. ఛాతీ కూడా వచ్చింది. "అంత మావాళ్ళదే డాక్టరమ్మా. బయటిది ఒక్క చుక్క ముట్టనియ్యలే. ఆర్నెల్లసంది మా రక్తసంబంధీకులే ఇచ్చిండ్రు."

డాక్టరమ్మ చేతిలోని కలం బల్ల మీద పెట్టింది. "ఎవరు చెప్పారు మీకు అలా చేయమని?"

"ఎవరు చెప్పుడేంది? మన రక్తం మనకు మంచిది గద."

"ఈ జబ్బులో అదే చెడ్డది," అంది ఆమె. కోపం అణుచుకుంటూ నెమ్మదిగా చెప్పింది. మూలుగ మార్చవలసిన రోగికి ఇంటివాళ్ళ రక్తం ఎక్కించకూడదు. ఎక్కించినకొద్దీ ఆ వంశం రక్తాన్ని అతని ఒళ్ళు గుర్తుపట్టి, దాని మీద పగ పెంచుకుంటుంది. రేపు అదే వంశం మనిషి మూలుగ లోపలికి పోగానే శత్రువు వచ్చాడని తరుముతుంది. ఎవరో దారిన పోయే మనిషి రక్తం ఎక్కించి ఉంటే ఇంత ప్రమాదం ఉండేది కాదు. మొదటి నెలలోనే ఈమెను తీసుకొని వచ్చి ఉంటే అసలు భయమే ఉండేది కాదు. "ఇప్పుడు పడితే పడుతుంది, లేకపోతే లేదు. ఈమె మూలుగలో ఏ లోపమూ లేదు. చేసిందంతా మీరు ఎక్కించిన రక్తం. అయినా వేరే దారి లేదు, చేద్దాం."

జలపతిరావు నమ్మలేదు. బయటికి వచ్చాక, "ఆడమనిషి, ఏదో అంటది," అన్నాడు.

శ్రీధర్‌రావును అద్దాల గదిలో పెట్టారు. ముందుగా మందులిచ్చి అతని ఒంట్లో మిగిలిన పాత మూలుగను చంపేశారు. జుట్టు రాలింది. లోపలికి ఒక్కొక్కరే, మూతికి గుడ్డ కట్టుకొని పోవాలి. బాలలక్ష్మి మొదటిసారి పోయినప్పుడు అలవాటుగా, "ఎట్లున్నవ్ చిన్నదొరా?" అంది.

"గట్ల పిలువకు," అన్నాడు అతను. పెదవులు పుండ్లు పడి మాట సరిగా రావడం లేదు. "అమ్మ చెప్పింది నాకు. చెప్పకముందు గూడ ఎరుకే. నువ్వు నన్ను ఎత్తుకున్నప్పుడు అద్దంల ఇద్దరం కనవడేటోళ్ళం గద. నేను అడుగలే, అంతే. అడుగాలె ఉండె."

"గిప్పుడదంత ఎందుకు?"

"బాలక్కా, నీకు భయం లేదా? సూదులు పెద్దగుంటయంట."

"బీడీల చాట ముంగటేసుకొని పొద్దంత కూసుంటె నడుం గట్లనే నొస్తది. దానికన్న ఎక్కువుంటదా?" అని నవ్వింది. అక్కా అన్న పిలుపు మాత్రం ఆమె ఒంట్లో ఎక్కడో వెచ్చగా కూర్చుంది. ఆ పిలుపు కోసం రెండు తుంట్లూ ఇచ్చేయమన్నా ఇచ్చేదే.

మత్తు ఇచ్చి, బోర్లా పడుకోబెట్టి, తుంటి ఎముకల్లోంచి మూలుగ తీశారు. మెలకువ వచ్చేసరికి నడుం కింద ఎవరో రోకలితో దంచినట్టుంది. ప్రాణానికి ఏమీ కాదని, పోయిన మూలుగ కొన్ని వారాల్లో మళ్ళీ ఊరుతుందని నర్సు చెప్పింది. తీసింది సంచిలో పోసి అద్దాల గదిలో వేలాడదీశారు. చూడటానికి రక్తంలాగే ఉంది, కాస్త చిక్కగా. చుక్క చుక్కగా అతని చేతిలోకి దిగుతుంటే, బాలలక్ష్మి గోడ పట్టుకొని వచ్చి అద్దం ఇవతల నిలబడి చూసింది. అతను లోపలినుంచి చేయి ఎత్తాడు.

మూడో వారంలో రక్తంలో కొత్త కణాలు కనిపించాయి. డాక్టరమ్మ మొహంలో నవ్వు వచ్చింది. నిర్మలాదేవి ఆస్పత్రి మెట్ల మీద కొబ్బరికాయ కొట్టింది. జలపతిరావు కూడా ఆ రోజు బాలలక్ష్మికి చాయ్ తెచ్చి ఇచ్చాడు. గాజు గ్లాసులో. తనే తెచ్చాడు. ఆమెకు దొర మొహంలో ఆ పూట ఒక ముసలి తండ్రి కనిపించాడు. ఏమో, మనిషి మారతాడేమో అనుకుంది. పిచ్చిది.

"ఇంటికి పోయినంక గూడ అక్కా అనే అంట. అందరి ముంగట," అన్నాడు శ్రీధర్.

"అందువు తీ, ముందుగాల లేచి కూసో."

తర్వాతి వారం ఆ కణాలు తగ్గసాగాయి. తగ్గి తగ్గి ఏమీ లేకుండా పోయాయి. డాక్టరమ్మ భయపడిందే జరిగింది. అతని ఒళ్ళు ఆ మూలుగను పట్టి తరిమేసింది. పాతది చచ్చింది, కొత్తది నిలవలేదు, ఖాళీ ఎముకలు మిగిలాయి. జ్వరం పట్టుకుంది. మళ్ళీ ఇస్తానని బాలలక్ష్మి డాక్టరమ్మ కాళ్ళు పట్టుకుంది. ఈ జ్వరంలో కుదరదని, ఆగాలని చెప్పారు. జ్వరం ఆగలేదు. నాలుగో రోజు పొద్దున అతను పోయాడు. పోయే ముందు ఎవరినీ పిలవలేదు. స్పృహ లేదు.

డాక్టరమ్మ ముగ్గురినీ పిలిచి మళ్ళీ చెప్పింది. "ఈమె తప్పు లేదు. ఈమె మూలుగ మొలకెత్తింది, మీరూ చూశారు. నెలల తరబడి ఎక్కించిన ఇంటివాళ్ళ రక్తం వల్ల ఇలా జరిగింది. దయచేసి మీ ఊళ్ళో వాళ్ళకు చెప్పండి, ఇంకొక పిల్లవాడికి ఇలా చేయకుండా."

జలపతిరావు నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. వ్యాన్ మాట్లాడాడు. శవంతో పాటు వ్యాన్‌లో దొర, దొరసాని, ప్రమోదిని, అల్లుడు ఎక్కారు. బాలలక్ష్మి కూడా ఒక కాలు లోపల పెట్టింది.

"జాగ లేదు. నువ్వు రైల్ల రా," అన్నాడు దొర.

జాగ ఉంది. ఆమె కాలు వెనక్కి తీసుకుంది. అప్పుడు కూడా ఆమెకు కోపం రాలేదు, తమ్ముడు పోయిన దుఃఖంలో కోపానికి చోటు లేదు. రైల్లో కూర్చోలేక, తుంట్ల నొప్పికి, దారి పొడుగునా తలుపు దగ్గర నిలబడే వచ్చింది.

పెద్దకర్మ నాడు కరీంనగర్ పోయింది. వెంకటి వద్దన్నాడు. "పోయి ఏం జేస్తవే? గాళ్ళు నిన్ను మనిషిలెక్క సూస్తరా?" అన్నాడు. "నా తమ్ముడు," అంది ఆమె. ఇంటి ముందు షామియానా, కుర్చీలు, కార్లు. మొగవాళ్ళు బయట, ఆడవాళ్ళు హాల్లో తివాచీ మీద. గోడకు దండ వేసిన ఫోటో. బాలలక్ష్మి గుమ్మం పక్కన గోడకు ఆనుకొని నిలబడింది.

ఆడవాళ్ళ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. గొంతు తగ్గించుకోవాలని ఎవరికీ తోచలేదు.

"మంచి మంచి రక్తం ఎక్కించినన్ని దినాలు మంచిగనే ఉండెనట. గది ఎక్కించినంకనే గిట్లాయె."

"ఆడబాప బిడ్డదాయె. ఎట్ల ఇముడుతది? పాలకుండల చుక్క కల్లు పోసినట్టే గద."

"మనసుల ఏం పెట్టుకొని ఇచ్చిందో! దాని తల్లిని కొట్టిండ్రని పగ ఉండకపాయెనా?"

ఆడవాళ్ళ మధ్యలోంచి పోతున్న జలపతిరావు ఆగాడు. బాలలక్ష్మి గోడ వదిలి నిటారుగా నిలబడింది. ఆయన ఆమెను చూశాడు కూడా. "ఏం జేస్తం? తగనిది అతుకలే. మా తప్పే, బయటిదాన్ని తోలుకపోయినం," అని ముందుకు నడిచాడు.

బయటిది. ఆమెకు చెంపలు మండాయి. తమ్ముడు పోయిన రోజు కూడా రాని కోపం అప్పుడు వచ్చింది. తనను బిడ్డ అనలేదని కాదు. ఆ మాట మీద ఆశ వ్యాన్ దగ్గరే పోయింది. తాను ఇచ్చినదాన్ని విషం అంటున్నారు. వాడు బతకాలని ఎముకలు గుల్ల చేయించుకొని వస్తే, వాడిని తానే చంపింది అంటున్నారు. నిజం ఎరిగినవాళ్ళు ఆ ఇంట్లో ముగ్గురే. ఒకరు దొర, ఒకరు తాను. తాను చెబితే ఎవరు నమ్ముతారు? ఇక మిగిలింది ఒక్కరు.

నిర్మలాదేవి ఫోటో కింద కూర్చుని ఉంది. బాలలక్ష్మి ఆడవాళ్ళ కాళ్ళూ చీరలూ దాటుకుంటూ తివాచీ మధ్యకు పోయింది. పనివాళ్ళెవరూ ఆ తివాచీ ఎక్కరు. మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"చిన్నమ్మా," అంది.

ఆ వరస వినగానే ప్రమోదిని తలెత్తింది. మిగతా ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిర్మలాదేవి మాత్రం ఎవరినీ చూడలేదు.

"చిన్నమ్మా, డాక్టరమ్మ ఏం చెప్పిందో జర వీళ్ళకు చెప్పు. నేనెవరినో చెప్పకున్నా మంచిదే, గది వదిలిపెట్టు. నా మూలుగ చెడ్డది కాదని చెప్పు. మొలకొచ్చిందని చెప్పు. ఎవరి రక్తంతోని పోయిండో చెప్పు. అక్కడ చెప్పినవ్ గద. కొడుకు మీద ఒట్టేసి చెప్పినవ్. ఇప్పుడు వానికోసమన్న చెప్పు."

నిర్మలాదేవి పెదవులు కదిలాయి. కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళు అబద్ధం కాదు. గుమ్మంలో జలపతిరావు వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక రక్తమిచ్చిన చుట్టాలంతా ఉన్నారు. మేనమామ కొడుకులు, పెదనాన్న మనుమలు. చెబితే వాళ్ళందరి చేతుల మీదుగా కొడుకు చచ్చినట్టు. చెప్పకపోతే ఒక్క బాలలక్ష్మి చేతుల మీదుగా. నిర్మలాదేవి ఆ మందనంతా ఒకసారి చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత, చిన్నప్పుడు పిలిచినంత మెత్తగా పిలిచింది.

"బాలా, వెనక వాకిట్ల పనోళ్ళకు ఆకులేసిండ్రు. అన్నం తిని పో."